అత్తగారి మొక్కు, అల్లుడి జారుడు బంతి

శుక్రవారం బేస్‌బాల్ ఆట పోయినప్పటి నుంచి దోన్యా ఎర్సీలియా ఆ ఇంట్లో కాఫీ గిన్నెతో తప్ప మరొకరితో మాట్లాడడం లేదు.

ఆదివారం పొద్దున్న కూడా అదే వరస. పొయ్యి ముందు నిలబడి, బుసలు కొడుతున్న గిన్నెకేసి చూస్తూ, "కొందరికి ఎంత పంచదార వేసినా చేదుగానే ఉంటుందే తల్లీ! వాళ్ళ నాలుకలు అలాంటివి," అంది.

ఆ కొందరంటే ఇంకెవరో కాదు, బల్ల దగ్గర అరటికాయ ముద్దను ఫోర్కుతో కెలుకుతూ కూర్చున్న కూతురు యుబెల్కిస్.

"గిన్నెతో కాదమ్మా, నాతో చెప్పు. ఫ్రైలిన్‌కి చెప్పావా, లేదా?"

"చెప్పానని వాడే ఊరంతా టముకు వేసుకున్నాడు కదా. మళ్ళీ నన్నడగడం ఎందుకో?" అంది ఆవిడ, గిన్నెతోనే.

"బాప్తిస్మం విందని మోకా వెళ్ళి, సుష్టుగా మేకమాంసం తిని, సొంత అల్లుడి గుట్టు తీసుకెళ్ళి పుంజుల జట్టు చేతిలో పెట్టి వచ్చావు!"

"నేను పెట్టలేదు. వాడే అడిగాడు. 'పెద్దమ్మా, మీ అల్లుడు విసిరే జారుడు బంతి నాకు అందడం లేదు, ఎప్పుడొస్తుందో తెలిసే దారేమైనా ఉందా' అన్నాడు. 'ఒరే గుడ్డోడా, అది వచ్చే ముందు వాడి ఒళ్ళే చెప్తుంది కదరా' అన్నాను. అంతే!"

"అంతేనా?"

దోన్యా ఎర్సీలియా కాఫీ కప్పులోకి వొంపింది.

"ఎక్కడ చూడాలో కూడా చెప్పాననుకో," అంది చివరికి.

యుబెల్కిస్ ఫోర్కు కింద పెట్టేసింది. కోపం వస్తే ఆమెకు మాటలు రావు, మెడ మీద నరం ఒకటి లేస్తుంది. దాన్ని చూసి తల్లి కాఫీ కప్పు ఆమె ముందు నుంచి కొంచెం దూరంగా జరిపింది.

తప్పు ఎవరిదని అడిగితే ఆ వీధిలో సగం మంది ఒక మాట, సగం మంది ఇంకో మాట చెప్తారు. సాన్ పెద్రోలో పుట్టినవాళ్ళందరూ గూడబాతుల జట్టువాళ్ళు. దోన్యా ఎర్సీలియా ఉత్తరాదిలో, మోకాలో పుట్టింది. అక్కడ పసిపిల్లకు పేరు పెట్టకముందే పుంజుల జట్టు టోపీ పెడతారు. కూతురు గూడబాతులకు బంతి విసిరే పిచర్‌ను పెళ్ళాడిననాడు ఆవిడ చర్చిలో ఏడ్చిన ఏడుపు ఆనందబాష్పాలు కావని అందరికీ తెలుసు. దానికి తోడు ఫ్రైలిన్ ఆవిడ సొంత చెల్లెలి కొడుకు, జ్ఞానస్నానం నాడు ఒళ్ళో పట్టుకున్న బిడ్డ. ఇప్పుడు పుంజుల జట్టులో వాడంతటి బ్యాటర్ లేడు. శుక్రవారం నాడు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో నికాసియో వేసిన జారుడు బంతిని ఆ ఫ్రైలిన్ బట్టలారేసినంత తీరిగ్గా కంచె దాటించాడు. బేసుల చుట్టూ పరిగెత్తుతూ టీవీ కెమెరా వైపు తిరిగి, "అంతా మా పెద్దమ్మ చలవ!" అని ముద్దు విసిరాడు.

ఆ ముద్దు తిన్నగా ఈ ఇంటి మీద వచ్చి పడింది.

"పొద్దున్నే ఏమిటా గొడవ?" అంటూ నికాసియో తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. మనిషి తలుపంత ఎత్తు, గొంతు మాత్రం బడిపంతులి గొంతు. భార్య పక్కన కూర్చుని పళ్ళెం ముందుకు లాక్కున్నాడు. "పోనీలే యుబీ. పెద్దావిడ ఏదో నోరు జారింది."

"నోరు జారితే సర్దుకుంటాం. నీ ఉద్యోగం జారిపోతోంది కదా!"

"ఇంకా పోలేదుగా. ఇవాళ ఒక అవకాశం ఇస్తానన్నాడు బాసిలియో."

"ఇచ్చి ఏమన్నాడో అది కూడా చెప్పు."

నికాసియో అరటికాయ ముద్ద మీద వేయించిన ఉల్లిపాయలన్నీ ఒక పక్కకు తోశాడు. "ఇది కూడా పోతే, రేపటి నుంచి నా చొక్కా ఇంకొకడు తొడుక్కుంటాడన్నాడు."

మేనేజర్ బాసిలియో అలా అన్నాడంటే అన్నట్టే. ఇవాళ గెలిచినవాళ్ళు ఫైనల్‌కి వెళ్తారు, ఓడినవాళ్ళు ఇంటికి పోతారు. ఎదుటి జట్టు మళ్ళీ పుంజులే.

ఎలాగూ ఈ సీజన్‌తో ఆట మానేస్తానని నికాసియో భార్యకు మాటిచ్చాడు. అడిగి, అలిగి, ఆ మాట తీసుకున్నది ఆమే. ఆ సంగతి మూల కొట్టువాడి దగ్గర్నుంచి చర్చిలో ఫాదర్ దాకా అందరికీ చెప్పుకుంది కూడా. కానీ తనంతట తను మానేయడం వేరు, మెడపట్టి గెంటించుకోవడం వేరు. అమెరికాలో చిన్న చిన్న ఊళ్ళు, మెక్సికో ఎండలు, చలికాలం రాగానే మళ్ళీ ఈ సాన్ పెద్రో మైదానం. ఇన్నేళ్ళూ అతను చేసింది ఒకటే పని. ఎనిమిది ఇన్నింగ్స్ పాటు ఇంకెవరో కట్టిన ఇంటికి, ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వెళ్ళి తాళం వేసి రావడం. తాళం సరిగ్గా పడ్డ రోజున ఆ చెయ్యి ఎవరిదో ఎవరికీ గుర్తుండదు. పడని రోజున మాత్రం మంగలి షాపులో కుర్చీ కూడా తిడుతుంది. అలాంటి మనిషిని చివరి రోజున పుంజుల చేత పొడిపించి పంపడం యుబెల్కిస్‌కు ససేమిరా ఇష్టం లేదు.

"అత్తయ్యా," అన్నాడు నికాసియో నెమ్మదిగా. "జరిగిందేదో జరిగిపోయింది. నేను ఏం చేస్తున్నానో ఒక్కమాట చెప్పండి. గ్లవ్ కదుపుతున్నానా? భుజం దించుతున్నానా? నేనూ, నా బంతులు పట్టే క్యాచరూ కలిసి వీడియోలన్నీ తిరగేశాం. చేతులు చూశాం, వేళ్ళు చూశాం. ఏమీ దొరకలేదు."

దోన్యా ఎర్సీలియా చేతి తువ్వాలు తీసి మూతి తుడుచుకుని, పెదాలు బిగించేసింది.

"చెప్పదు," అంది యుబెల్కిస్. "వాడికైతే మేకమాంసం నంజుకుంటూ చెప్తుంది. నీకు చెప్పదు. పుంజులు ఓడిపోతారుగా మరి!"

"పుంజుల కోసం కాదు!" ఆవిడ అప్పుడు మొదటిసారి గిన్నెను వదిలి కూతురి వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు. "పుంజుల కోసం అనకు. ఆ మాట అనకు, యుబెల్కిస్!"

"మరి దేనికోసం?"

"మొక్కు కోసం."

గోడ మీద అల్తాగ్రాసియా మాత పటం ముందు చిన్న దీపం వెలుగుతోంది. దోన్యా ఎర్సీలియా దానివైపు చూపించింది.

"వీడి మోచేయి కోసి కుట్టినప్పుడు గుర్తుందా? ఇక బంతి పట్టుకోలేడని డాక్టర్ అన్నాడు. నువ్వు గదిలో ఏడుస్తున్నావు. నేను బస్సెక్కి ఇగ్వేలో ఈ తల్లి చర్చికి పోయాను. అమ్మ కాళ్ళ దగ్గర మోకరించి మొక్కుకున్నాను. వాడి చెయ్యి వాడికిచ్చేయి తల్లీ, ఇక ఈ జన్మలో వాడి ఆట గురించి వాడితో ఒక్క మాట మాట్లాడనని చెప్పాను."

నికాసియో నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

అంతకు ముందు సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఆట అయిపోయి అతను గుమ్మంలో అడుగు పెట్టగానే ఆవిడ మొదలుపెట్టేది. ఆ బంతి ఎందుకు వేశావు, ఈ బంతి ఎందుకు వేయలేదు, నీకు సూటి బంతి ఇచ్చాడు దేవుడు, అది వదిలేసి వంకరవన్నీ దేనికి? అన్నం చల్లారిపోయేదాకా వదిలేది కాదు. ఆపరేషన్ తర్వాత ఒక్కసారిగా నోరు మూతపడింది. పెద్దావిడకు ఆట మీద విసుగొచ్చిందని వాళ్ళిద్దరూ అనుకున్నారు. ఆమెకు లోకంలో అంతకన్నా ఇష్టమైన పని లేదన్న సంగతి మర్చిపోయారు.

"అంటే... ఇన్నేళ్ళూ నా కోసం నోరు కట్టుకున్నారా, అత్తయ్యా?"

ఆవిడ జవాబు చెప్పలేదు. ఆ జవాబు కూడా మొక్కు కిందికే వస్తుందేమోనని భయం. నికాసియో లేచి వెళ్ళి ఆవిడ తల మీద ముద్దు పెట్టుకున్నాడు. ఆవిడ అతని చేతిని పట్టుకుని, మోచేతి మీద పాత కుట్ల గీతను బొటనవేలితో ఒకసారి రాసి వదిలేసింది.

యుబెల్కిస్ మెడ మీది నరం ఎప్పుడో దిగిపోయింది. తల్లిని కావలించుకుందామని లేచి, మళ్ళీ ఏదో తట్టి ఆగిపోయింది.

"అమ్మా! మాట్లాడనని మొక్కుకున్నావు, అంతే కదా?"

"అంతే."

"ఆడి చూపించనని మొక్కుకోలేదుగా?"

దోన్యా ఎర్సీలియా పటం వైపు చూసింది. పటంలో తల్లి బిడ్డను చూసుకుంటోంది, ఇటు పట్టించుకోలేదు.

"లాయర్‌లా మాట్లాడకే," అంది ఆవిడ. అని, తీగబుట్టలోంచి ఒక నారింజకాయ తీసుకుంది.

పెరట్లో నిమ్మచెట్టు కింద, రబ్బరు చెప్పులతో, పూల గౌనుతో, కీళ్ళనొప్పుల కాళ్ళతో దోన్యా ఎర్సీలియా పిచర్ అయింది. టోపీ లేదని తలకు ప్లాస్టిక్ గిన్నె బోర్లించుకుంది. అల్లుడు ఎలా ఉమ్ముతాడో అలా ఉమ్మింది. అల్లుడు ప్యాంటు ఎలా ఎగలాక్కుంటాడో అలా గౌను ఎగలాక్కుంది. ప్రహరీ మీంచి పక్కింటివాళ్ళు తొంగిచూసి ఈలలు వేశారు.

"మెల్లిగా దోన్యా, నడుము పట్టేస్తుంది!"

"మీ బాతుల కంటే బాగానే విసురుతా, నోర్మూసుకోండి!"

నారింజ సూటిగా వెళ్ళి గోడకు తగిలింది. ఇంకొకటి తీసుకుంది. మళ్ళీ ఉమ్మడం, మళ్ళీ గౌను. ఈసారి విసరబోయే ముందు ఒక్క క్షణం ఆగి, చెయ్యి అడ్డంగా తిప్పి వదిలింది. నారింజ వంకర తిరిగి కోళ్ళగూటికి తగిలింది.

"తెలిసిందా?" అన్నట్టు చూసింది.

"లేదత్తయ్యా," అన్నాడు నికాసియో. "రెండూ ఒకేలా ఉన్నాయి."

ఆవిడ కోపంగా గిన్నె సర్దుకుని ఇంకోసారి చేసింది. ఈసారి జారుడు బంతికి ముందు ఆగింది చూడండి, ఊపిరి బిగించి, ఆ పెద్ద పొట్టను వెన్నెముకకు అంటుకునేలా లోపలికి లాక్కుంది. పూల గౌను మీది గులాబీలన్నీ ఒక్కసారి ముడుచుకున్నాయి. బంతి వదిలాక మళ్ళీ విచ్చుకున్నాయి.

యుబెల్కిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో కాదో అప్పటికి ఆమెకే తెలియదు.

"నికాసియో! ఇటు తిరుగు. పక్కగా నిలబడు. మొన్న చుట్టాల పెళ్ళికి వేసుకున్న పచ్చ గౌను నాకు నప్పిందా?"

"అద్భుతంగా ఉంది!"

పొట్ట లోపలికి పోయింది.

"అమ్మ చేసిన చేపల పులుసు?"

"మా అమ్మ కూడా అలా చేయలేదు!"

పొట్ట మళ్ళీ లోపలికి పోయింది. పక్కింటివాళ్ళు ప్రహరీ పట్టుకుని ఊగిపోతున్నారు. దోన్యా ఎర్సీలియా తల మీది గిన్నె తీసి, పులుసు సంగతి తనకిప్పుడే తెలిసినట్టు అల్లుణ్ణి ఎగాదిగా చూసింది.

"నీ పేరు?" అంది యుబెల్కిస్.

"నికాసియో."

పొట్ట ఉన్నచోటే హాయిగా ఉంది.

ఇక యుబెల్కిస్ ఆగలేకపోయింది. నిమ్మచెట్టు పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. "అబద్ధం చెప్పే ముందల్లా పొట్ట లాక్కుంటావయ్యా! జారుడు బంతి కూడా అబద్ధమే కదా. సూటిగా వస్తున్నట్టు వచ్చి పక్కకు పోతుంది!"

నికాసియో తన పొట్టను రెండు చేతులతో పట్టుకుని, దాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. పాపం, కుర్రతనంలో పొట్ట ఉండేది కాదు కాబట్టి గుట్టు దాగింది. వయసుతో పాటు అదీ ముందుకొచ్చి అందరికీ కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది.

"ఇప్పుడేం చేయను? ఇంత తక్కువ వ్యవధిలో పొట్టనెక్కడ దాచను?"

"దాచడం ఎందుకు?" అంది యుబెల్కిస్. నవ్వు ఆగిపోయి, కళ్ళు చిన్నవయ్యాయి. "దాంతోనే అబద్ధం చెప్పించు."

దోన్యా ఎర్సీలియా ఆ మాట వినగానే గబగబా లోపలికి వెళ్ళిపోయింది. పటం ముందు నిలబడి, "నేనేమీ మాట్లాడలేదు తల్లీ. అది నా కూతురు, దాని ఇష్టం," అనడం పెరట్లోకి వినిపించింది.

సాయంత్రం టీవీని వసారాలోకి లాగారు. వీధిలోవాళ్ళు ఎవరి కుర్చీలు వాళ్ళు తెచ్చుకున్నారు. అంతా గూడబాతుల టోపీలే, మధ్యలో ఒకే ఒక్క పుంజుల టోపీ. దాని కింద దోన్యా ఎర్సీలియా మహారాణిలా కూర్చుంది. ఎవరేం దెప్పినా చలించలేదు.

యుబెల్కిస్ ఇన్నేళ్ళ కాపురంలో భర్త వేసే తొమ్మిదో ఇన్నింగ్స్ ఒక్కటీ చూడలేదు. కంచె వెనక అతను లేచి చెయ్యి విదిలించుకోవడం టీవీలో కనిపించగానే స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని కూర్చునేది. బయట కేకలు ఆగాక వచ్చి ఏమైందని అడిగేది. మానేయమని ఆమె పోరు పెట్టింది కూడా ఆ కుళాయి చప్పుడు భరించలేకే.

తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చింది. గూడబాతులు ఒక్క పరుగు ముందున్నారు. బాసిలియో కంచె వెనక్కి ఫోను చేశాడు. కంచె తలుపు తెరుచుకుని నికాసియో మైదానంలోకి నడుచుకుంటూ వచ్చాడు. కొందరు చప్పట్లు కొట్టారు, చాలామంది కొట్టలేదు.

యుబెల్కిస్ లేచింది. రెండడుగులు వేసింది. ఆగిపోయింది.

"ఏం, ఇవాళ వెళ్ళవా?" అంది తల్లి తల తిప్పకుండానే.

"ఎక్కడ చూడాలో ఇవాళ తెలుసుగా," అంటూ మళ్ళీ కూర్చుంది.

మొదటివాణ్ణి మూడు బంతుల్లో పంపేశాడు. రెండోవాడు కొట్టి రెండో బేసుకు చేరాడు. మూడోవాడు గాల్లోకి లేపి దొరికిపోయాడు. ఇంక ఒక్క అవుట్ చాలు. అప్పుడు బ్యాటు భుజాన వేసుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ ఫ్రైలిన్ వచ్చాడు.

"నా తండ్రే!" అంది దోన్యా ఎర్సీలియా. ఇద్దరిలో ఎవరినో ఆవిడ చెప్పలేదు.

ఫ్రైలిన్ చూపు నికాసియో మొహం మీద లేదు, చేతి మీద లేదు. తిన్నగా నడుము పట్టీ మీద ఉంది. టీవీలో అంత దగ్గరగా చూపిస్తుంటే వసారాలో ఉన్నవాళ్ళంతా అదే చూశారు.

నికాసియో ఉమ్మాడు, ప్యాంటు ఎగలాక్కున్నాడు, ఒక్క క్షణం ఆగాడు. పొట్ట లోపలికి పోయింది. దాంతోపాటు వసారాలో అన్ని పొట్టలూ లోపలికి పోయాయి.

బంతి సూటిగా వచ్చింది. పక్కకు జారుతుందని కాచుకున్న ఫ్రైలిన్ బ్యాటు కదిపేసరికి అది క్యాచర్ గ్లవ్‌లో పడుకుంది.

ఫ్రైలిన్ నవ్వు తగ్గింది. రెండో బంతికి మళ్ళీ పొట్ట లోపలికి. మళ్ళీ సూటి బంతే. ఈసారి బ్యాటు అంచుకు తగిలి వెనక జనంలో పడి, ఫౌల్ అయింది. రెండు తప్పాయి, మూడోదీ తప్పితే ఫ్రైలిన్ అవుట్. యుబెల్కిస్ కుర్చీ మీద నిలబడి ఉంది. ఎప్పుడెక్కిందో ఆమెకే తెలియదు. ఇన్నేళ్ళూ కుళాయి చప్పుడులో ఇదా తను పోగొట్టుకుంది! ఈ మనిషి, ఇంట్లో బల్బు మార్చమంటే వారం ఆలోచించే మనిషి, అన్ని వేలమంది మధ్య అంత నింపాదిగా నిలబడి ఆడుకుంటున్నాడు. ఆమె గుండె నిండిపోయింది.

మూడో బంతి. నికాసియో ఊపిరి వదిలేశాడు. పొట్ట హాయిగా, పండగనాటి పొట్టలా, పట్టీ మీంచి వేలాడింది. సూటి బంతి అనుకుని ఫ్రైలిన్ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఊపాడు. బంతి చివరి క్షణంలో పక్కకు జారుకుంది. ఫ్రైలిన్ తన ఊపుకు తనే గిరగిరా తిరిగి మట్టిలో కూర్చున్నాడు.

వీధి వీధంతా లేచింది. గిన్నెలు మోగాయి, మోటారు సైకిళ్ళు అరిచాయి. యుబెల్కిస్ గొంతు పోయేలా అరిచి, ఎవరినో కావలించుకుని, మళ్ళీ ఇంకెవరినో కావలించుకుంది. ఆ గోలను మించి దోన్యా ఎర్సీలియా కంఠం వినిపించింది.

"ఒరే మొద్దూ! చూడాల్సింది పొట్టను కాదురా, బంతిని!"

టోపీ కళ్ళ మీదికి లాక్కుంది. దాని కింద నోరు మాత్రం నవ్వుతోంది.

టీవీవాళ్ళు నికాసియోను పట్టుకుని మైకు మూతి దగ్గర పెట్టారు. మొహమంతా చెమట, పక్కనెవరో నెత్తిన నీళ్ళు గుమ్మరిస్తున్నారు.

"నికాసియో, ఇదే మీ ఆఖరి సీజన్ అంటున్నారు. ఇంత బాగా విసురుతూ నిజంగా మానేస్తారా?"

"నిజంగానే. యుబీకి మాటిచ్చాను. ఫైనల్ అయిపోగానే ఇంటికి. మనసులో రవ్వంత దిగులు కూడా లేదు."

తడిసిన చొక్కా కింద పొట్ట లోపలికి పోయింది. ఎంత లోపలికంటే, నడుము పట్టీ ఒక వేలెడు కిందికి జారింది.

వసారాలో గోల ఒక్కసారిగా ఆగింది. ఎవరూ యుబెల్కిస్ వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ చాలా కష్టపడ్డారు.

మోసగాడు, అనుకుంది ఆమె. కోపం రావాలి. వస్తుందని కాచుకుంది. మెడ మీద నరం లేస్తుందని చేత్తో తడిమి చూసుకుంది. అక్కడేమీ లేదు.

ఇంతలో ఫోను మోగింది. అవతల కేకలు, పాటలు, వాటి మధ్య నికాసియో ఆయాసం.

"చూశావా యుబీ? నువ్వు చెప్పినట్టే చేశాను! టీవీలో కూడా చెప్పేశాను, ఇదే ఆఖరని. ఇక రోజూ ఇంట్లోనే ఉంటాను. నువ్వు కోరుకున్నది అదే కదా! సంతోషమేనా?"

దోన్యా ఎర్సీలియా కళ్ళ మీంచి టోపీ పైకెత్తింది. కుర్చీని టీవీ వైపు నుంచి కూతురి వైపు తిప్పుకుని కూర్చుంది. ఆవిడ చూపు యుబెల్కిస్ మొహం మీద లేదు.

"చాలా సంతోషం," అని చెప్పడానికి యుబెల్కిస్ ఊపిరి పీల్చుకుంది. గౌను నడుము దగ్గర వదులు కావడం ఆమెకే తెలిసింది.

"యుబీ? వింటున్నావా? సంతోషమేనా అని అడుగుతున్నాను."